సంతాప సభలో ఎనిమిది పళ్ళు

మా రికార్డు రూము గుమాస్తా గంధం వీరభద్రయ్య పదవీ విరమణకు యాభై మూడు రోజుల ముందు కాలం చేశాడు. దీనివల్ల కార్యాలయానికి కలిగిన ఇబ్బంది అంతా ఇంతా కాదు. ఆయన వీడ్కోలు సభకు శాలువా పొడవు, వెడల్పు అప్పటికే ఖరారయ్యాయి. డైరెక్టరుగారు చదవబోయే ఉపన్యాసం రెండు నెలల ముందే సమర్పించాలన్నది మా దగ్గర నియమం కాబట్టి నేను రాసి, టైపు చేసి, ఆమోదం కూడా పుచ్చుకున్నాను. అంతలో మనిషి పోయాడు.

మాది ప్రామాణిక కొలతల మండలి, బందరు ప్రాంతీయ కార్యాలయం. కొట్లలో కాటాలు, నూనె కొలిచే డబ్బాలు, బట్టలు కొలిచే మీటరు బద్దలు సరిచూసి ముద్ర వేయడం మా పని. ముందు హాల్లో అద్దాల బీరువాలో మఖమలు గుడ్డ మీద ఇత్తడి కిలో రాయి ఒకటి, ఉక్కు మీటరు ఒకటి పవళించి ఉంటాయి. వాటి పైన గోడ మీద ‘కొలవలేనిది లేనట్టే’ అని మా డైరెక్టరు భుజంగరావుగారు రాయించారు. అక్కడ నేను సూపరింటెండెంటుని. నా పేరు శేషాచలం.

మంగళవారం పదకొండింటికి సంతాప సభ. పదిన్నరకి డైరెక్టరుగారు ఉపన్యాసం ఏదన్నారు. అరగంటలో మనిషి గుణగణాలు కొత్తగా ఎక్కణ్ణుంచి తెస్తాను? పాత కాగితమే తీశాను. పైన ‘వీడ్కోలు సభ’ అన్నచోట ‘సంతాప సభ’ అని మార్చాను. మొదటి వాక్యంలో ‘పదవీ విరమణ’ తీసేసి ‘అకాల మరణం’ పెట్టాను. రెండో పేజీ జోలికి పోలేదు. నా సర్వీసులో రెండో పేజీ విన్నవాడు ఎవడూ లేడు.

ఆ రోజు ఒక్క మనిషి విన్నది. ఆవిడ నాంచారమ్మ, రికార్డు అసిస్టెంటు.

నాంచారమ్మకి యాభై ఏళ్ళుంటాయి. మా ఆఫీసులోనే పనిచేస్తూ భర్త పోతే, ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై. వచ్చిన మొదటి వారమంతా ఫైళ్ళ వెనక కూర్చుని ఏడ్చేది. వీరభద్రయ్య ఊరుకోమనేవాడు కాదు. పక్కన స్టూలు వేసుకుని, పై నుంచి వచ్చిన సర్క్యులర్లు పురాణం చెప్పినట్టు రాగం తీసి చదివేవాడు. ‘‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, చెల్లెమ్మా, మూత్రశాల తాళంచెవి ఇకమీదట నా వద్ద ఉండదు!’’ అనేవాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. ఇరవై ఏళ్ళు ఒకే బల్ల మీద ఇద్దరూ క్యారేజీలు విప్పుకున్నారు. ఆయన కూర ఆవిడకి, ఆవిడ పచ్చడి ఆయనకి.

సభ మొదలైంది. ముప్ఫై ఒక్క మందిమీ తలలు వంచుకుని నిలబడ్డాం. డైరెక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీ గంభీరంగా చదివి, రెండో పేజీ తిప్పారు.

‘‘శ్రీ వీరభద్రయ్యగారు తమ శేష జీవితాన్ని ఆయురారోగ్యాలతో, సతీసమేతంగా తీర్థయాత్రలతో గడపవలెనని ఆకాంక్షిస్తున్నాను. వారు అప్పుడప్పుడూ మన కార్యాలయానికి విచ్చేసి, రికార్డు రూములో కొంతసేపు కూర్చుని, మనకు తమ దర్శనభాగ్యం ప్రసాదిస్తూ ఉండవలెనని మనవి.’’

తల ఎత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తి చూశాను. ఎవరిలోనూ చలనం లేదు. చదువుతున్న ఆయనలోనూ లేదు. ‘‘వారి సేవలు చిరస్మరణీయం’’ అని ముగించి ఆయన కాగితం మడిచారు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు వినబడింది. చివరి వరసలోంచి, మూతి బిగబట్టినా ఆగని శబ్దం. నాంచారమ్మ తల పైకెత్తి ఉంది. నోరు తెరుచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. సరిగ్గా ఆ క్షణానే మా మాసపత్రిక కోసం ఫొటో తీశారు.

మర్నాడు ఫొటో డైరెక్టరుగారి బల్ల మీదికి వచ్చింది. ముప్ఫై వంచిన తలల మధ్య ఎత్తిన ముఖం ఒక్కటే. ఆయన భూతద్దం పెట్టి చూశారు.

‘‘శేషాచలంగారూ, ఎనిమిది పళ్ళు కనబడుతున్నాయి.’’

‘‘ఏడుస్తోందేమో సార్. కన్నీళ్ళు కూడా ఉన్నాయి.’’

‘‘ఏమో అనే మాట కొలతల మండలిలో ఉండకూడదు. నవ్వినచో క్రమశిక్షణ ఉల్లంఘన. ఏడ్చినచో ప్రశంసనీయం. నిర్ధారణ జరగాలి.’’

ఆ మధ్యాహ్నమే ఛార్జి మెమో వెళ్ళింది. నేనే టైపు చేశాను. ‘సదరు ఉద్యోగిని సంతాప సభా సమయమున ఎనిమిది దంతములను బహిరంగముగా ప్రదర్శించినందున, ఆమెపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’ అంతవరకు ఆవిడ సస్పెన్షన్‌లో ఉండాలి. నాంచారమ్మ మెమో రెండుసార్లు చదివి, రికార్డు రూము తాళంచెవులు నా బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయింది.

ఇక కమిటీ వేశారు. దాని పేరు ‘హాస రోదన నిర్ధారణ సంఘం’. డైరెక్టరుగారు అధ్యక్షులు. డిప్యూటీ డైరెక్టరు కౌండిన్యగారు సాంకేతిక సభ్యులు. ఆయన సెంటీమీటరు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. నేను కార్యదర్శిని. ఉపన్యాసం రాసినవాణ్ణి ఆ ఉపన్యాసం వల్ల వచ్చిన కేసుకు కార్యదర్శిగా వేయడం బాగుండదని ఒకసారి చెబుదామనుకున్నాను. అడగనిదే చెప్పకపోవడం వల్లనే సూపరింటెండెంటునయ్యానని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మొదటి రోజు సాక్షులు. సభలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచాం. తొమ్మండుగురు నవ్విందన్నారు. ఎనమండుగురు ఏడ్చిందన్నారు. ఐదుగురు డైరెక్టరుగారి అభిప్రాయమే తమ అభిప్రాయమన్నారు. మిగిలినవాళ్ళు తలలు పూర్తిగా వంచి ఉండడం వల్ల తమకు నేల తప్ప ఏమీ కనబడలేదన్నారు.

తర్వాత నాంచారమ్మని పిలిచాం. ఉతికిన నేతచీర కట్టుకుని వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

‘‘సూటిగా చెప్పవలెను. నవ్వితిరా, ఏడ్చితిరా?’’ అన్నారు డైరెక్టరుగారు.

‘‘ముందర నవ్వొచ్చిందండీ.’’

‘‘రాసుకోండి శేషాచలంగారూ. నవ్వు, అంగీకారం.’’

‘‘ఆగండి బాబూ. ఈ మాట ఆయనకి చెప్తే ఎంత నవ్వుతాడో అనుకున్నా. చెప్దామని పక్కకి తిరిగానండీ. అన్నయ్య లేడు. లేడు గదా, మరి ఎవరికి చెప్పను అనుకునేసరికి ఇంకా నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఆపుకుందామని చూశా. ఏదాపుతున్నానో నాకే తెలవలేదు.’’

కౌండిన్యగారు చేతిగడియారం చూసుకుంటూ ముందుకు వంగారు. ‘‘నవ్వు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఆగినది? ఏడుపు ఎన్నింటికి ప్రారంభమైనది? మధ్యలో విరామం ఎంత?’’

‘‘విరామం లేదండీ.’’

‘‘అది అసాధ్యం. ఒక కొలత ముగియకుండా మరొక కొలత మొదలు కాదు.’’

‘‘మీకెప్పుడూ అట్టా రాలేదా అండీ?’’ అంది నాంచారమ్మ. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

‘‘ప్రశ్నలు అడిగేది కమిటీ,’’ అన్నారు డైరెక్టరుగారు.

సాక్ష్యాలు తేలలేదు కాబట్టి కొలతలు తీసుకోవాలన్నారు కౌండిన్యగారు. ఫొటోని నిలువెత్తు సైజుకి పెంచి గోడకి తగిలించాం. వెర్నియర్ కాలిపర్సుతో నేనే కొలిచాను. నోటి వెడల్పు అరవై ఒక్క మిల్లీమీటర్లు. తెరుచుకున్న ఎత్తు పంతొమ్మిది. కళ్ళు సగం మూత. నుదుటి మీద ముడతలు మూడు. మరి ఇవి నవ్వు కొలతలా, ఏడుపు కొలతలా? పోల్చుకోవడానికి బీరువాలో ప్రామాణిక నవ్వు లేదు. ప్రామాణిక ఏడుపూ లేదు. ఇన్నేళ్ళుగా మండలి ఇంత ముఖ్యమైన విషయాన్ని ఉపేక్షించినందుకు డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. వెంటనే తయారు చేయమన్నారు.

నవ్వు తేలికగానే దొరికింది. గురువారం సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి డైరెక్టరుగారు తమ జోకు చెప్పారు. తరాజు, తమలపాకు జోకు. మేం దాన్ని ఏడాదికి నాలుగుసార్లు వింటాం. ఆయన ముగించగానే అందరూ ఒక్కసారి నవ్వారు. నేనూ కౌండిన్యగారూ వరసలో తిరుగుతూ కొలిచాం. నోటి వెడల్పు యాభై ఎనిమిది, పళ్ళు పన్నెండు, కళ్ళలో మార్పు శూన్యం, కన్నీరు శూన్యం, నిడివి నాలుగు సెకన్లు. ఒకరికీ ఇంకొకరికీ తేడా లేదు. డైరెక్టరుగారు నవ్వడం ఆపగానే అందరిదీ ఆగింది. కౌండిన్యగారు పొంగిపోయారు. ‘‘ఇంత ఏకరూపత ఇత్తడి రాళ్ళలో కూడా చూడలేదు సార్!’’ అన్నారు. దాన్నే ప్రామాణిక నవ్వుగా ఖాయం చేశారు.

ఏడుపు దగ్గరే చిక్కు వచ్చింది. శుక్రవారం అందరినీ ఏడవమన్నాం. ఎవరికీ రాలేదు. ఉల్లిపాయలు తెప్పిద్దామంటే స్టోర్సు జాబితాలో ఉల్లిపాయ లేదు. ఆఖరికి కౌండిన్యగారే ఉపాయం చెప్పారు. ‘‘సంతాప సభ ఫొటోలో మిగతా ముప్ఫై మంది దుఃఖంలోనే ఉన్నారు కదా సార్. అధికారికంగా.’’ వాళ్ళ ముఖాలు కొలిచాం. వంచిన తల, బిగిసిన పెదవులు, నోరు నలభై నాలుగు మిల్లీమీటర్లు, పళ్ళు సున్న, కన్నీరు సున్న. ప్రామాణిక ఏడుపు తయారైంది.

నాంచారమ్మ కొలతలు పక్కన పెట్టి చూశాం. నవ్వుతో కలవలేదు. ఏడుపుతోనూ కలవలేదు. రెండు ప్రమాణాల్లోనూ లేని కన్నీరు ఆవిడకుంది.

‘‘ఆ కన్నీటి గడి కొట్టెయ్యండి,’’ అన్నారు డైరెక్టరుగారు. ‘‘అదే గందరగోళం సృష్టిస్తోంది.’’

గడి కొట్టేశాం. అయినా కలవలేదు. అప్పుడు ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది. మృతుడి భార్యని పిలిపించాలి. ఫొటో చూపించాలి. తన భర్త చావుకి ఎవరు నవ్వుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వద్దు సార్, పన్నెండో రోజు కూడా కాలేదు అన్నాను. ‘‘కమిటీకి మైల ఉండదు,’’ అన్నారు.

కనకరత్నమ్మగారు పదమూడో నాడు వచ్చింది. తమ్ముడు ఆటోలో దింపి బయట కూర్చున్నాడు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. గోడ మీద నిలువెత్తు నాంచారమ్మని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. నాంచారమ్మ బల్లకి అటువైపు నిలబడి ఉంది. ‘‘వదినా’’ అంటూ ముందుకు రాబోతే కౌండిన్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. ‘‘అమ్మా, సదరు ఉద్యోగిని మీ భర్త సంతాప సభలో ఈ విధముగా ప్రవర్తించినది. ఇది నవ్వా, ఏడుపా తెలియజేయవలెను. నా ఉపన్యాసంలో నవ్వదగినది ఏదీ లేదని నిరూపించుటకు దానిని యథాతథంగా చదివి వినిపిస్తున్నాను.’’

ఆయన మొదటి పేజీ చదివారు. ఆవిడ తల వంచుకుని విన్నది. రెండో పేజీ తిప్పారు. శేష జీవితం, ఆయురారోగ్యాలు అయ్యాయి. ఆవిడ తలెత్తింది. అప్పుడప్పుడూ కార్యాలయానికి విచ్చేసి, దర్శనభాగ్యం ప్రసాదిస్తూ అన్నది కూడా అయింది. ఆయన మొదటిసారి చదివినంత గంభీరంగానే చదివారు. రెండోసారి కూడా ఆయనకి ఏమీ తగల్లేదు.

‘‘అప్పుడప్పుడూ రమ్మన్నారా?’’ అంది కనకరత్నమ్మగారు మెల్లగా.

‘‘అవునమ్మా. మా కార్యాలయ మర్యాద.’’

‘‘రికార్డు రూములో కూసోమన్నారా?’’

‘‘కొంతసేపు.’’

ఆవిడ నాంచారమ్మ వంక చూసింది. నాంచారమ్మ కిందికి చూసింది. కనకరత్నమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ‘‘ఓలమ్మో, ఆయనే గనక వింటేనా...’’ అంటూ పొట్ట పట్టుకుని నవ్వింది. నాంచారమ్మ కౌండిన్యగారి చెయ్యి తోసేసి వచ్చి ఆవిడ పక్కన కూలబడింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు.

‘‘తీర్థయాత్రలంట నాంచారమ్మా,’’ అంది కనకరత్నమ్మగారు ఊపిరి తీసుకుంటూ. ‘‘రిటేరవగానే కాశీ ఎల్దాం అన్నారు. చలి గదా అంటే, నాకు స్వెట్టరు కూడా కొనిపెట్టారు. బీరువాలో అట్టానే ఉంది. ఇంకా కవరు కూడా ఇప్పలా.’’

అంతే. నవ్వు ఆగలేదు, గొంతు మాత్రం మారింది. ఎప్పుడు మారిందో నేను చెప్పలేను. నేను చూస్తూనే ఉన్నాను. నోళ్ళు అలాగే తెరుచుకున్నాయి, భుజాలు అలాగే ఎగురుతున్నాయి. లోపల మాత్రం వేరే ఏదో జరుగుతోంది.

‘‘కొలవండి శేషాచలంగారూ, కొలవండి! రెండు సజీవ నమూనాలు!’’ అని కౌండిన్యగారు కాలిపర్సు నా చేతిలో పెట్టారు.

నేను రెండడుగులు వేశాను. వేశానని ఒప్పుకోవాలి. కనకరత్నమ్మగారి నోటి దగ్గరికి కాలిపర్సు తీసుకెళ్ళాను. ఆవిడ తడి కళ్ళతో ఆ ఇనప ముక్కని చూసి, తర్వాత నన్ను చూసి, ‘‘ఏంది బాబూ ఇది?’’ అంది. నా చెయ్యి కిందికి దిగింది.

‘‘కొలత అందలేదు సార్,’’ అన్నాను.

ఆవిణ్ణి ఆటో ఎక్కించి వచ్చాక వరండాలో నాంచారమ్మ నాకోసం నిలబడి ఉంది.

‘‘ఆ రెండో పేజీ మీదే గదండీ,’’ అంది. ‘‘ప్రసాదిస్తూ అన్న మాట ఈ ఆఫీసులో మీరు గాక ఎవరు రాస్తారు?’’

నేను అటూ ఇటూ చూశాను. ‘‘మరి కమిటీ ముందు చెప్పలేదేం?’’

‘‘చెప్తే మీ మొహం కూడా కొలుస్తారు. ఏం దొరుకుద్దండీ అందులో?’’

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. కోపంగా అన్నా బాగుండేది.

కమిటీ నివేదిక రాయాల్సి వచ్చింది. ఆమోదం పొందిన ఉపన్యాసంలో పొరపాటు ఉండుటకు వీలు లేదు కనుక ఉపన్యాసం నిర్దోషి అని మొదటి పేరాలోనే తేల్చాం. ప్రామాణిక నవ్వునూ, ప్రామాణిక ఏడుపునూ రాష్ట్రమంతటా అమలు చేయమని సిఫార్సు చేశాం. హెడ్డాఫీసు ఎంతో ముచ్చటపడింది. అయితే కేసు సంగతేమిటి, సోమవారంలోగా ముగించండి అని రాసింది.

డైరెక్టరుగారు దయాళువు. కేసు నాంచారమ్మ చేతిలోనే పెడదామన్నారు. ఒక ప్రొఫార్మా తయారు చేయించారు. ‘నాంచారమ్మ అను నేను, సదరు సంతాప సభలో నవ్వితిని / ఏడ్చితిని. వర్తించని దానిని కొట్టివేయవలెను.’ ఏడ్చితిని అని ఉంచితే సస్పెన్షన్ రద్దు, పైగా ప్రశంసాపత్రం. నవ్వితిని అని ఉంచితే ఒక మందలింపుతో సరి. రెండింట్లో ఏది కొట్టేసినా ఆవిడ రికార్డు రూము ఆవిడకి వస్తుంది.

కాగితం ఆవిడ ముందు పెట్టాను. ‘‘నవ్వితిని కొట్టెయ్యండి నాంచారమ్మగారూ,’’ అని గుసగుసగా చెప్పాను. ‘‘ఒక్క గీత. రేపటినుంచి మీ కుర్చీలో మీరుంటారు.’’

ఆవిడ కలం తీసుకుని చాలాసేపు ఆ రెండు మాటల వంకే చూసింది. కుర్చీ ఆవిడకి కావాలి. ఇంట్లో ఈవిడ జీతం మీద బతికే అత్తగారుంది. అది నాకు తెలుసు.

‘‘నవ్వలేదని రాస్తే, అన్నయ్య నాకు ఇరవై ఏళ్ళు చేసింది ఏందండీ మరి?’’ అంది. ‘‘ఏడవలేదని రాస్తే నేను మనిషినేనా?’’

ఏమీ కొట్టెయ్యకుండా కింద సంతకం పెట్టి ఇచ్చింది.

డైరెక్టరుగారు కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశారు. తిప్పి వెనక కూడా చూశారు. ‘‘కొట్టివేత లేదు,’’ అన్నారు. ఆయన గొంతులో నిజమైన బాధ ధ్వనించింది. ‘‘శేషాచలంగారూ, ఈ ప్రొఫార్మా పైకి వెళ్ళాలంటే ఏదో ఒకటి కొట్టివేయబడాలి. నవ్వు గాని, ఏడుపు గాని మనం కొట్టరాదు. అది ఆమె వాంగ్మూలం. మరి ఈ కాగితంలో మన అధికార పరిధిలో ఉన్నది ఏమిటి?’’

సంతాప సభ ఆమోదం పొందినది, దాన్ని కొట్టలేం. వాక్యంలో ఇక మిగిలింది ఒక్కటే. నేను చూశాను, కౌండిన్యగారు చూశారు. స్కేలు ఆయన పట్టుకున్నారు. గీత నేను గీశాను. ‘నాంచారమ్మ అను నేను’ అన్న మాటల మీద, నల్ల సిరాతో, ఎనభై మూడు మిల్లీమీటర్ల పొడవున.

ప్రొఫార్మా సక్రమంగా పూరించబడినదని హెడ్డాఫీసు మెచ్చుకుంది. కొట్టివేతకు అనుగుణంగా ఆవిడ పేరు మా కార్యాలయ జాబితాలోంచి తీసేసి, నాగాయలంక అవతల ఉప్పుగాలికి తుప్పు పట్టిన కాటా షెడ్డుకి బదిలీ చేశారు. అక్కడికి బస్సు రోజుకి రెండుసార్లు వెళ్తుంది.

ఉత్తర్వు అందుకోవడానికి నాంచారమ్మ శనివారం వచ్చింది. కాగితం తీసుకుని సంతకం చేసింది. ఆమోదించిన కొలతల ప్రకారం సిబ్బంది అందరం నోళ్ళు నలభై నాలుగు మిల్లీమీటర్లకు బిగించి లేచి నిలబడ్డాం. ఆవిడ మా వరస చివరిదాకా చూసి, సంచి భుజాన వేసుకుని గేటు దాటింది.

గేటు బయట కనకరత్నమ్మగారు స్టీలు క్యారేజీ పట్టుకుని ఉంది. దారిలో తినడానికి తెచ్చినట్టుంది. నాంచారమ్మ ఉత్తర్వు విప్పి ఆవిడకి ఏదో చదివి వినిపించింది. మాటలు వినబడలేదు గాని, చెయ్యి ఊపడం చూస్తే రాగం తీస్తున్నట్టే ఉంది. కనకరత్నమ్మగారు క్యారేజీ కింద పెట్టేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు.

డైరెక్టరుగారు కిటికీ దగ్గర నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

‘‘ఏం చేస్తున్నారు వాళ్ళు? నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?’’

‘‘తెలియడం లేదు సార్. వెళ్ళి కనుక్కుని రానా?’’

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు.

‘‘అక్కర్లేదు,’’ అన్నారు. ‘‘గేటు అవతల ఉన్నారు. అది మన పరిధిలోకి రాదు.’’

కిటికీ తలుపు మూయమన్నారు. మూశాను.